శూన్యంలో వాయుపింఛం: వ్యోమనౌకల చిన్న థ్రస్టర్ల ఉద్గారాల చరిత్ర

వ్యాససంగ్రహం: వ్యోమనౌకను తిప్పడానికి, నిలకడగా ఉంచడానికి, మరొక నౌకకు చేరువ చేయడానికి ఉపయోగించే చిన్న థ్రస్టర్ల నుంచి వెలువడే వాయువు భూమి మీది మంటలాగానో పొగలాగానో ప్రవర్తించదు. ఈ ప్రవర్తనకు ఆధారమైన గణితం 1908 నాటికే సిద్ధంగా ఉన్నప్పటికీ, దాని ఆచరణరూపం మాత్రం ప్రమాదాలు, అపార్థాలు, అనుకోని దృశ్యాల ద్వారానే తెలిసివచ్చింది. విడిచిన వాయువు నౌకను వదిలి పోతుందన్న నమ్మకం క్రమంగా ఎలా సడలిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గొడార్డ్ ప్రయోగాల నుంచి చంద్రయాన్-3 వరకు గల కాలం దీని పరిధి.

కీలకపదాలు: థ్రస్టర్, ఉద్గారం, శూన్యం, వాయుపింఛం, అయాను యంత్రం, అపోలో, చంద్రయాన్-3.

తారాజువ్వ నేర్పిన బొమ్మ

రాకెట్టు అనగానే తెలుగువారి మనసులో మెదిలే తొలి రూపం తారాజువ్వ. దీపావళి రాత్రి సీసాలో నిలబెట్టి వత్తి అంటించగానే సుయ్యిమంటూ లేచి, వెనుక నిప్పురవ్వలను రాలుస్తూ పోతుంది. శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి. లేచే వేళ సూళ్లూరుపేట వైపు నిలబడి చూసేవారికి కనిపించేదీ ఆ బొమ్మే, కాకపోతే మరింత పెద్దది. ముందు మంట, దాని వెనుక తెల్లని పొగ, కొంత ఆలస్యంగా చెవులకు చేరే ఉరుము. ఆ తెల్లదనానికి ముఖ్యకారణం మొదటిదశ ఘనఇంధనంలోని అల్యూమినియం కాలి ఏర్పడే ఆక్సైడ్ రేణువులు.

మంట, పొగ, ఉరుము అనే ఈ మూడూ కక్ష్యలో తిరిగే ఉపగ్రహపు చిన్న థ్రస్టరుకు వర్తించవు. దాని ధ్వనిని మోసుకుపోవడానికి బయట గాలి లేదు. దాని వాయువును ఒక చోట కూడదీసి ఉంచే వాతావరణ పీడనమూ లేదు. చాలాసార్లు అందులో మెరిసే మసి కూడా ఉండదు. ఈ తేడాను గుర్తించకపోవడం వల్ల కలిగిన చిక్కులు పాఠ్యపుస్తకాలకే పరిమితం కాలేదు. చంద్రుని మీద నుంచి అపోలో 17 నౌక లేచే దృశ్యాన్ని తరగతిలో చూపినప్పుడు ఒక విద్యార్థి "మంట లేకుండా ఎలా లేచిందండీ?" అని అడిగాడు. చంద్రయాత్ర అంతా కట్టుకథ అనే ప్రచారానికి ఈ ప్రశ్న ఒక ముఖ్యాయుధమని ఆ విద్యార్థికి తెలియదు. ప్రశ్నలో తప్పు లేదు. తారాజువ్వను చూసిన కన్ను అడగవలసిన ప్రశ్నే అది. దానికి సమాధానం చెప్పాలంటే భౌతికశాస్త్రంతోపాటు చరిత్ర కూడా అవసరమవుతుంది. ఎందుకంటే ఈ రంగంలో పనిచేసినవారు సైతం ఆ కన్నుతోనే మొదలుపెట్టి, అడుగడుగునా దాన్ని దిద్దుకోవలసి వచ్చింది.

ఇక్కడ పరిభాషను గురించి ఒక మాట చెప్పుకోవాలి. థ్రస్టర్ నుంచి వెలువడే వాయుప్రవాహాన్ని ఆంగ్ల గ్రంథాలు 'ప్లూమ్' అంటాయి. ఆ మాటకు మూలార్థం పక్షి ఈక. తెలుగులో దీన్ని సాధారణంగా 'ధార' అనో 'జ్వాల' అనో రాస్తున్నాం. ధార అంటే సన్నగా, తెగకుండా ఒకే దిక్కుకు సాగేది. జ్వాల అంటే వెలిగేది. శూన్యంలోని ఉద్గారం ఈ రెండూ కాదు. నాజిల్ అంచు దాటిన క్షణంలోనే అది నెమలి పురి విప్పినట్లు అన్ని పక్కలకు విచ్చుకుంటుంది. అందువల్ల ఈ వ్యాసంలో దాన్ని 'వాయుపింఛం' అని వ్యవహరిస్తున్నాను. మూలపదంలోని ఈకకు ఇది దగ్గరది. జరిగే పనికి ఇంకా దగ్గరది.

గొడార్డ్ గొట్టం, గాటింగెన్ గణితం

గాలి లేనిచోట రాకెట్టు దేన్ని నెట్టి ముందుకు పోతుంది? 1920 జనవరి 13న న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం రాబర్ట్ గొడార్డ్‌ను ఎద్దేవా చేసింది ఈ సందేహంతోనే. నెట్టడానికి ఎదురుగా ఏదో ఒకటి ఉండాలన్నది ఆ సంపాదకుని భావన. నిజానికి రాకెట్టు నెట్టేది తాను విడిచే వాయువునే. బయటి గాలి దానికి సాయం కాదు, అడ్డు. గొడార్డ్ ఈ సంగతిని అప్పటికే ప్రయోగంతో నిరూపించి ఉన్నాడు. గాలిని తోడివేసిన గొట్టాలలో చిన్న రాకెట్ గదులను పేల్చి, శూన్యంలో తోపు తగ్గకపోగా పెరుగుతుందని కొలిచి చూపాడు. ఆ ఫలితాలు 1919 నాటి స్మిత్సోనియన్ ప్రచురణలో ఉన్నాయి. పత్రిక తన పొరపాటును ఒప్పుకున్నది 1969 జూలై 17న, అంటే అపోలో 11 బయలుదేరిన మరునాడు.

ఈ కథను అందరూ చెబుతారు. కాని గొడార్డ్ ప్రయోగంలో ఇంకొక అంశం ఉంది. పేలిన వాయువు గొట్టం గోడలకు తగిలి వెనక్కి వచ్చి కొలతను తారుమారు చేస్తుందేమోనని ఆయన భయపడ్డాడు, అందుకు తగిన జాగ్రత్తలూ తీసుకున్నాడు. భూమి మీద శూన్యగదిలో ఉద్గారాన్ని పరీక్షించే ప్రతివారికీ ఆ భయం నేటికీ తప్పలేదు. అంతరిక్షానికి గోడలు లేవు, గదికి ఉన్నాయి.

శూన్యంలోకి వెలువడిన వాయువు ఎంత పక్కకు వంగగలదో తెలిపే గణితం గాటింగెన్‌లో పుట్టింది. లుడ్విగ్ ప్రాంట్ల్ వద్ద థియొడర్ మేయర్ 1908లో సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో అది కనిపిస్తుంది. ధ్వనివేగాన్ని అందుకున్న వాయువు ఒక మూలను చుట్టి శూన్యంలోకి వ్యాపిస్తే, గాలి వంటి వాయువు గరిష్ఠంగా 130 డిగ్రీల వరకు వంగగలదు. 90 డిగ్రీలంటే సరిగ్గా పక్కకు. అంతకు మించితే వెనక్కి, అంటే బయలుదేరిన నౌక వైపే. అప్పటికి వ్యోమనౌకలు లేవు. ఆవిరి టర్బైన్ల కాలంలో పుట్టిన ఆ లెక్కలో, తాను విడిచిన వాయువు తన మీదికే రావచ్చునన్న హెచ్చరిక ఉన్నదని గమనించడానికి అర్ధశతాబ్దం పట్టింది.

నాజిల్ మధ్యలో దూసుకుపోయే ప్రధానప్రవాహం ఇంతగా వంగదు. లోపల ఉండగానే అది తన వేడిని చాలామటుకు వేగంగా మార్చుకుని ముందుకు సాగిపోతుంది. వంగేది గోడను రాసుకుంటూ నెమ్మదిగా పారే పలుచని పొర. పెద్ద యంత్రంలో ఆ పొర వాటా అత్యల్పం. బొటనవేలంత నాజిల్‌లో మాత్రం అది ప్రవాహంలో గణనీయమైన భాగం అవుతుంది. కనుక పెద్ద యంత్రపు నమూనాను చిన్నది చేసుకుంటే చిన్న యంత్రపు వాయుపింఛం తెలియదు. ఈ గోడపొర ప్రభావాన్ని లెక్కలోకి తెచ్చిన సైమన్స్ పరిశోధన 1972లో గాని వెలువడలేదు. ఇంకొంచెం దూరం పోయాక వాయువు ఎంత పలుచబడుతుందంటే అణువులు ఒకదానితో ఒకటి ఢీకొనడమే మానేస్తాయి. అప్పుడు అది ప్రవాహం కాదు, ఎవరి దారిన వారు పోయే అణువుల గుంపు. అటువంటి గుంపును కంప్యూటరులో అణువుకు అణువుగా అనుకరించే పద్ధతికి సిడ్నీలో గ్రేమ్ బర్డ్ 1963లో శ్రీకారం చుట్టాడు. నేటికీ ఈ రంగానికి ఆధారం అదే.

గాటింగెన్ పేరు ఈ చరిత్రలో రెండోసారి కూడా వస్తుంది. జర్మన్ అంతరిక్షసంస్థ చిన్న థ్రస్టర్ల వాయుపింఛాలను కొలవడానికి ఆ ఊరిలోనే ఒక శూన్యగదిని నిర్మించింది. దాని లోపలి గోడలను ద్రవహీలియంతో సుమారు 4 కెల్విన్ల దాకా చల్లబరుస్తారు. గోడకు తగిలిన అణువు, హైడ్రోజన్ అయినా సరే, అక్కడే గడ్డకట్టి అంటుకుపోతుంది, వెనక్కి రాదు. గొడార్డ్ భయానికి దొరికిన మందు అంత చలి.

మిణుగురులు, గిరికీలు

1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ ఫ్రెండ్‌షిప్ 7లో భూమిని చుట్టి వస్తున్నప్పుడు సూర్యోదయ సమయాన కిటికీ బయట వేలకొద్ది వెలుగు చుక్కలు కనిపించాయి. మిణుగురు పురుగుల్లా ఉన్నాయని ఆయన చెప్పాడు. అవి ఏమిటన్నది మే 24న స్కాట్ కార్పెంటర్ ప్రయాణంలో తేలింది. ఆయన నౌక గోడను చేత్తో తట్టగానే మరికొన్ని లేచాయి. నౌక విడిచిన నీటిఆవిరి గడ్డకట్టి, తొక్కుకు అంటుకుని, ఊడివచ్చిన మంచు రేణువులు అవి. థ్రస్టర్ల నేరుగా విడిచినవి కాకపోయినా వాటికి ఈ చరిత్రలో స్థానముంది. నెమ్మదిగా విడిచిన వస్తువు శూన్యంలో వెనుకబడిపోదు, అదే కక్ష్యలో నౌకకు తోడుగా వస్తుందని కంటితో చూసిన తొలి సందర్భం అది. గాలిలో విసిరిన కాగితం క్షణంలో కనుమరుగవుతుంది. అక్కడ ఆ నియమం లేదు.

మెర్క్యురీ నౌకల థ్రస్టర్లలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉత్ప్రేరకం మీదుగా పోయి నీటిఆవిరిగా, ఆక్సిజన్‌గా విడిపోయేది. మంటతో పనిలేదు. తరువాతి జెమిని నౌకలు హైడ్రజీన్ జాతి ఇంధనాన్ని, నైట్రోజన్ టెట్రాక్సైడ్‌ను వాడాయి. ఈ రెండూ కలిస్తే చాలు, అగ్గి అవసరం లేకుండా అంటుకుంటాయి. వేలసార్లు ఆపి వెలిగించవలసిన చిన్న యంత్రానికి ఇంతకన్న అనువైన జంట లేదు. ఈనాటికీ అనేక నౌకల్లో ఈ జంటే కొనసాగుతోంది. అదెంత విషపూరితమో ముందు చూద్దాం.

1966 మార్చి 16న జెమిని 8 అజీనా వాహనంతో అనుసంధానమైంది. అంతరిక్షంలో రెండు నౌకలు కలవడం అదే మొదలు. అర్ధగంట గడిచేలోగా జంట తిరగడం ప్రారంభించింది. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, డేవిడ్ స్కాట్ తప్పు అజీనాదేనని భావించి విడిపోయారు. విడిపోయాక తిరుగుడు మరింత పెరిగి దాదాపు సెకనుకు ఒక చుట్టు దాకా వెళ్లింది. లోపం తమ నౌకలోని ఎనిమిదో సంఖ్య థ్రస్టరుదే, అది తెరుచుకుని ఉండిపోయింది. తిరుగుప్రయాణం కోసం దాచిన మరో థ్రస్టర్ల వరుసను వాడి ఆర్మ్‌స్ట్రాంగ్ నౌకను అదుపు చేశాడు. ఈ సంఘటనను చరిత్రకారులు ఆర్మ్‌స్ట్రాంగ్ నిబ్బరానికి నిదర్శనంగా చూపుతారు. అది నిజమే. కాని నాకు ఇందులో మరొకటి కనిపిస్తుంది. భూమి మీద అటువంటి యంత్రం ఆగకుండా మండుతుంటే పక్కింటివారికైనా తెలుస్తుంది. అక్కడ ఇద్దరు నిపుణులు, ఏ నౌక వాయువు తమను తిప్పుతోందో తెలియక, పొరపాటున సహచర వాహనాన్ని అనుమానించారు.

మంట ఏది?

అపోలో చంద్రనౌకకు నాలుగు మూలల్లో నాలుగేసి చొప్పున 16 చిన్న థ్రస్టర్లు ఉండేవి. ఒక్కొక్కదాని తోపు సుమారు 445 న్యూటన్లు. ఒక న్యూటన్ అంటే అరచేతిలో ఉంచిన నూరు గ్రాముల బెల్లంముక్క మోపే బరువు. కిందికి గురిపెట్టిన థ్రస్టర్ల వాయువు నౌక దిగువభాగాన్ని వేడెక్కించకుండా, వాలుగా మలిచిన రేకులను అమర్చారు. అపోలో 11 ఛాయాచిత్రాల్లో ఆ రేకులు స్పష్టంగా కనిపిస్తాయి. చూసేవారిలో చాలామంది వాటిని నౌక ఆకారంలో భాగమనుకుంటారు. అవి వాయుపింఛానికి వేసిన ఆనకట్టలు.

1972 డిసెంబరు 14న అపోలో 17 పై భాగం చంద్రుని నుంచి లేచింది. అక్కడ వదిలిన బండి మీది కెమెరాను భూమి నుంచి తిప్పుతూ ఎడ్ ఫెండెల్ ఆ దృశ్యాన్ని పట్టుకున్నాడు. మొదట దిగువభాగపు పూతరేకులు చెదిరి నలువైపులా ఎగరడం, ఆ తరువాత నౌక తాడు కట్టి లాగినట్లుగా పైకి పోవడం కనిపిస్తుంది. కింద మంట లేదు. ఆ యంత్రం చిన్న థ్రస్టర్ కన్న పెద్దదే అయినా ఇంధనం అదే కుటుంబానికి చెందినది. అది మండితే వచ్చేవి ప్రధానంగా నీటిఆవిరి, నైట్రోజన్, హైడ్రోజన్, కార్బన్ ఆక్సైడ్లు. కిరోసిన్ మంటకు పసుపు వెలుగునిచ్చే మసి ఇందులో లేనట్లే. బయట గాలి ఉంటే మిగిలిన ఇంధనం దానితో కలిసి మళ్లీ మండి ఉండేది, ఆ అవకాశమూ లేదు. నాజిల్ దాటిన వాయువు విచ్చుకుంటూ, చల్లబడుతూ పారదర్శకమైపోయింది. కాబట్టి మంట లేకపోవడం ఆ దృశ్యం నిజం కాదనడానికి సాక్ష్యం కాదు. స్టూడియోలో తీసిన బొమ్మ అయితే ప్రేక్షకుల నమ్మకం కోసం మంటను తప్పక పెట్టేవారేమో!

తిరిగివచ్చే వాయువు

వాయుపింఛం పూర్తిగా కనిపించదనడం కూడా సరికాదు. యంత్రం వెలిగే క్షణంలోనూ, ఆగే క్షణంలోనూ ఇంధనం సరిగా కలవదు. మండని తుంపరలు బయటపడి గడ్డకట్టి, ఎండ పడితే మెరుస్తాయి. చిన్న థ్రస్టర్ సెకనులో కొద్ది భాగం మాత్రమే పనిచేసి ఆగుతుంది, మళ్లీ వెలుగుతుంది. అంటే దాని జీవితమంతా ఆరంభాలు, అంతాలే. పనితో పోల్చితే పెద్ద యంత్రం కంటె చిన్న యంత్రమే ఎక్కువ మలినాన్ని వదలడానికి ఇది ఒక కారణం.

1977లో వాయేజర్ నౌకకు ఈ వాయుపింఛం మరో రూపంలో అనుభవమైంది. ఒక న్యూటన్ కూడా లేని హైడ్రజీన్ థ్రస్టర్లతో వాయేజర్ 1 తొలిసారి దారి సవరించుకున్నప్పుడు ఆశించినంత వేగం రాలేదు. విచ్చుకున్న వాయువులో కొంత నౌక సొంత నిర్మాణానికి తగిలి, ముందుకు నెట్టవలసిన శక్తిని కొంత వెనక్కి తీసుకుంది. ఎవరూ పాడుచేయలేదు, ఏదీ విరగలేదు. నౌక తన ఊపిరి తన ముఖానికే తగిలించుకుంది, అంతే.

అంతరిక్ష షటిల్‌కు 38 పెద్ద, 6 చిన్న దిశానియంత్రణ థ్రస్టర్లు ఉండేవి. పెద్దవాటి తోపు ఒక్కొక్కటి సుమారు 3,870 న్యూటన్లు. అంతటి నౌక ఉపగ్రహం దగ్గరకు పోయి బ్రేకు వేయడమంటే ఆ ఉపగ్రహం మీదికి వాయువును ఊదడమే. తేలికైన సౌరఫలకాలున్న వస్తువు దూరంగా జరిగిపోవచ్చు, గిర్రున తిరగవచ్చు. అందుకని ఎదుటి వస్తువు వైపు నేరుగా గురిపెట్టిన థ్రస్టర్లను ఆపి, ఏటవాలుగా ఉన్న ముందు వెనుకల థ్రస్టర్ల స్వల్పభాగం తోపుతోనే వేగాన్ని తగ్గించే పద్ధతిని రూపొందించారు. దీనికి ఇంధనం విపరీతంగా ఖర్చయ్యేది. అయినా మిర్ కేంద్రం దగ్గరకు పోవాలంటే అంచనాల మీద ఆధారపడడం చాలదనిపించింది. 1994 సెప్టెంబరులో డిస్కవరీ ఎస్.టి.ఎస్.-64 యాత్రలో సుమారు 10 మీటర్ల కడ్డీని యాంత్రికహస్తానికి తగిలించి, దాని కొనన ఉన్న పరికరాలతో థ్రస్టర్ల వాయుపింఛాన్ని అక్కడికక్కడే కొలిచారు. స్పైఫెక్స్ అని పిలిచిన ఆ ప్రయోగం జరిగిన తొమ్మిది నెలలకు, 1995 జూన్ 29న, అట్లాంటిస్ మిర్‌తో కలిసింది. కక్ష్యాగతి సహజంగానే వేగాన్ని తగ్గించేలా కింది వైపు నుంచి సమీపించింది. బ్రేకు ఎంత తక్కువ వేస్తే పింఛం అంత తక్కువ విచ్చుకుంటుంది.

ఈ నడుమ 1991 సెప్టెంబరు 15న ఎస్.టి.ఎస్.-48 యాత్రలోని ఒక వీడియో లోకాన్ని గందరగోళపరిచింది. తెరమీద వెలుగుచుక్కలు నెమ్మదిగా సాగుతుంటాయి. ఒక మెరుపు మెరుస్తుంది. వెంటనే ఒక చుక్క చటుక్కున దిక్కు మార్చి వేగంగా పారిపోతుంది. గ్రహాంతరవాసుల వాహనం ఆయుధదాడి నుంచి తప్పించుకుందని ప్రచారం సాగింది. నాసా ఇచ్చిన వివరణ చాలా మామూలుది. ఆ చుక్కలు నౌకకు దగ్గరగా తేలే మంచు రేణువులు, మెరుపు థ్రస్టర్‌ది, రేణువును నెట్టింది కనిపించని వాయువు. గ్లెన్ మిణుగురులు, జెమిని 8 కనిపించని తోపు ఒకే తెరమీద కలిసినట్లుంది. వాయువు కనిపించదు కనుక దాని పని మాత్రమే కనిపించింది. పని కనిపించి కర్త కనిపించనప్పుడు మనిషి కర్తను కల్పించుకుంటాడు.

అంతర్జాతీయ అంతరిక్షకేంద్రంలో ఈ సమస్య మనుషుల ఆరోగ్యం దాకా వచ్చింది. హైడ్రజీన్ జాతి ఇంధనం, నైట్రోజన్ టెట్రాక్సైడ్ పూర్తిగా మండకుండా కలిసినప్పుడు జిగటైన గోధుమరంగు పదార్థాలు ఏర్పడతాయి. అవి కేంద్రపు బయటి గోడలకు అంటుకుంటాయి. నడకకు వెళ్లిన వ్యోమగామి చేతితొడుగుకు ఆ జిగురు అంటి, దాంతో లోపలికి వస్తే గాలి కలుషితమవుతుంది. వీటిలో క్యాన్సరుకు కారకమైన నైట్రోసోడైమిథైలమీన్ కూడా ఉంటుంది. అందువల్ల రష్యన్ విభాగం వైపు నడిచినవారు థ్రస్టర్ల పరిసరాల్లో జాగ్రత్తలు పాటిస్తారు. దుస్తులను తువ్వాళ్లతో తుడుచుకుని, ఆ తువ్వాళ్లను అక్కడే బయటకు విసిరేస్తారు. 2002 జనవరిలో యూరి ఒనుఫ్రియెంకో, డేనియల్ బర్ష్ జ్వెజ్దా విభాగపు థ్రస్టర్ల చుట్టూ ఆరు వాయుకవచాలను బిగించారు. పక్కకూ వెనక్కూ వంగే గోడపొరను అక్కడే పట్టి ఆపడమే వాటి పని. ఆ ఉద్గారాలు ఎక్కడెంత పేరుకుంటాయో తెలుసుకోవడానికి 'క్రోమ్కా' అనే ప్రయోగంలో పలకలను ఆరుబయట ఉంచి తరువాత లోపలికి తెచ్చి పరీక్షించారు. 1908 నాటి సిద్ధాంతవ్యాసం లెక్క, దాదాపు శతాబ్దం గడిచాక, చేతితొడుగు మీది జిగురుగా తేలింది.

అయాన్లు వెనక్కి వస్తాయా?

రసాయనం మండించకుండా, విద్యుత్‌తో అయాన్లను తరిమి తోపు పొందే యంత్రాల కథ వేరు, భయం మాత్రం ఒకటే. ధనావేశిత అయాన్లు వెలుపలికి పోతుంటే నౌకలో రుణావేశం పేరుకుంటుంది. ఆ ఆవేశం అయాన్లను వెనక్కి లాగుతుంది. అప్పుడు విడిచినదంతా తిరిగివచ్చి తోపే ఉండదు. అయాన్లతో సమానంగా ఎలక్ట్రాన్లను కూడా వదిలితే ఈ చిక్కు తీరుతుందని సిద్ధాంతం. ప్రయోగశాలలో ఇది పనిచేసింది. అయితే అక్కడి గది గోడలు తామే ఎలక్ట్రాన్లను సరఫరా చేసి ఫలితాన్ని బాగుచేసి ఉండవచ్చు. గొడార్డ్‌కు గోడలు కీడు చేస్తాయేమోనన్న భయముంటే, వీరికి మేలు చేస్తున్నాయేమోనన్న భయం. గోడలు లేని చోటికి పోవడం తప్ప మార్గం లేకపోయింది. 1964 జూలై 20న సెర్ట్ 1 రోదసిలోకి వెళ్లి, హెరాల్డ్ కాఫ్‌మన్ రూపొందించిన పాదరసపు అయాను యంత్రాన్ని 31 నిమిషాలు నడిపింది. అయాన్లు వెనక్కి రాలేదు.

వెనక్కి రానివి వేగంగా పోయే అయాన్లు. 1970 ఫిబ్రవరిలో ఎగిరిన సెర్ట్ 2 మరో పాఠం నేర్పింది. వేగమైన అయాను ఒకటి నెమ్మదిగా తేలే తటస్థ పరమాణువు పక్క నుంచి పోతూ దాని ఎలక్ట్రాన్‌ను లాగేసుకుంటే, తాను తటస్థమై సాగిపోతుంది, వెనుక నెమ్మదైన ఒక అయాను మిగులుతుంది. ఆ నెమ్మదైన అయాను యంత్రపు జాలీల మీదికి వచ్చి పడి, రవ్వంత లోహాన్ని చెక్కుతుంది. సెర్ట్ 2లోని రెండు యంత్రాలు ఒకటి సుమారు ఐదు నెలలు, ఇంకొకటి సుమారు మూడు నెలలు పనిచేసి, చెక్కుడుపడిన జాలీల మధ్య విద్యుత్ కలిసిపోవడంతో ఆగిపోయాయి. ఆరు నెలలు నడపాలన్నది లక్ష్యం.

చంద్రుని దుమ్ము

ఎదుట నేల ఉన్నప్పుడు వాయుపింఛం ఏం చేస్తుంది? దీన్ని తెలుసుకోవడానికి 1967లో సర్వేయర్ 6 నౌకను చంద్రుని మీద గెంతించారు. నవంబరు 17న దాని చిన్న యంత్రాలను 2.5 సెకన్లు వెలిగిస్తే, నౌక సుమారు మూడున్నర మీటర్లు లేచి, 2.4 మీటర్లు పక్కకు జరిగి దిగింది. మరో ఖగోళం మీద నుంచి రాకెట్ బలంతో పైకి లేవడం అదే ప్రథమం. తన వాయువు చెరిపిన నేలను తానే జరిగి నిలబడి ఫోటో తీయగలగడం ఆ గెంతులోని తెలివి.

దుమ్ము ఎంత దూరం పోతుందో 1969 నవంబరులో తెలిసింది. అపోలో 12 దిగిన చోటుకు సుమారు 160 మీటర్ల దూరంలో సర్వేయర్ 3 రెండున్నరేళ్లుగా నిలిచి ఉంది. పీట్ కాన్రాడ్, అలన్ బీన్ దాని కెమెరాను, మరికొన్ని భాగాలను కోసి భూమికి తెచ్చారు. చంద్రనౌక వైపు తిరిగిన పక్క ఇసుకతో రుద్దినట్లుంది. అడ్డుగా ఏదైనా ఉన్నచోట దాని నీడ ఆకారంలో పాతరంగు మిగిలింది. గాలి లేదు కాబట్టి ఆ రేణువులను ఆపేది లేదు, సన్ననివి సెకనుకు కిలోమీటరుకు మించిన వేగంతో పోతాయని అంచనా. ఫిలిప్ మెట్జ్గర్ తదితరుల తరువాతి పరిశోధన ఇంకొక మెలిక చెప్పింది. సర్వేయర్ 3 ఒక గుంటలో ఉండడం వల్ల ప్రధాన దుమ్ముతెర దాని పైనుంచి పోయింది, తగిలినది అంచు మాత్రమే. ఇవన్నీ దృష్టిలో ఉంచుకుని, అపోలో స్థలాల రక్షణ కోసం నాసా 2011లో వెలువరించిన సూచనలు కొత్త నౌకలు రెండు కిలోమీటర్ల అవతలే దిగాలని కోరాయి. అక్కడి అడుగుజాడలకు గాలి వల్ల ముప్పు లేదు, రాబోయే అతిథుల ఊపిరి వల్ల ఉంది.

2023 ఆగస్టు 23న విక్రమ్ దిగింది. దిగేటప్పుడు వాడినవి 800 న్యూటన్ల యంత్రాలు. దిశ చూసుకోవడానికి 58 న్యూటన్ల థ్రస్టర్లు ఎనిమిది ఉన్నాయి. అక్కడ లేచిన దుమ్మును లెక్కకట్టినది హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం. చంద్రయాన్-2 కక్ష్యానౌక కెమెరా తీసిన ముందువెనుకల చిత్రాలను పోల్చి, నౌక చుట్టూ మెరిసే వలయాన్ని గుర్తించారు. సుమారు 108.4 చదరపు మీటర్ల మేర 2.06 టన్నుల పైమట్టి కదిలిందని అంచనా వేశారు. ఇంజనీర్లు నౌక విడిచిన వాయువును చూడలేదు, అది వదిలిన ముగ్గును చూశారు. కనిపించని వాయువును దాని జాడతో చదవడమే ఈ చరిత్రంతటా జరిగిన పని.

సెప్టెంబరు 3న విక్రమ్ సర్వేయర్ 6 దారినే తొక్కింది. యంత్రాలను మళ్లీ వెలిగించి, సుమారు 40 సెంటీమీటర్లు లేచి, 30–40 సెంటీమీటర్ల పక్కకు దిగింది. మూర కంటె తక్కువ దూరం. అంతకుముందు బయటికి చాచిన వాలుబల్లను, పరికరాలను మడిచి, దిగిన తరువాత తిరిగి చాచారు. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన చంద్రయాన్-4లో చంద్రుని మట్టితో ఒక భాగం కింద మిగిలే భాగం మీద నుంచి లేవవలసి ఉంది. ఆ దృశ్యాన్ని కెమెరా పట్టుకుంటే, ముందు రేకుల చెదురు, కొంత దుమ్ము కనిపిస్తాయి. ఆ తరువాత నౌక తాడు కట్టి లాగినట్లు పైకి పోతుంది. మంట కనిపించకపోవచ్చు.